మా ఆటలో ఏడు నిమిషాల పడవ

ఆట కట్టడం మొదలుపెట్టిన రోజు మాకున్న ధైర్యం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మేం నలుగురం. ముగ్గురం ప్రోగ్రామర్లం, నాలుగోవాడు బొమ్మలు వేస్తాడు. నలుగురం ఒకే గిల్డ్‌లో (ఆటలో ఆటగాళ్లు కట్టుకునే జట్టు) ఏళ్ల తరబడి నిద్రలు మానుకుని రెయిడ్లు (గుంపుగా వెళ్లి పెద్ద రాక్షసుల్ని పడగొట్టే దాడులు) చేసినవాళ్లమే, కాబట్టి ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఏంటో మాకంటే బాగా ఎవరికి తెలుసులే అన్న పొగరు. త్రీడీ మన వల్ల కాదని మొదట్లోనే తేలిపోయింది, అందుకని పైనుంచి కనబడే టూడీ ప్రపంచం, రెండు దీవులు, ఒక అడవి, ఒక గని, ఒక రేవు. ఒకేసారి రెండొందల మంది తిరిగినా సర్వర్ పడిపోకూడదు, అంతే లక్ష్యం. ఆర్నెల్ల పని అనుకున్నాం, రెండేళ్లు పట్టింది.

అప్పట్లో రాసుకున్న డిజైన్ డాక్యుమెంట్ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఆయుధాల పట్టికే పదిహేడు పేజీలు. కత్తులు, బల్లేలు, విల్లులు, ఒక్కోదానికీ దెబ్బ ఎంత, బరువు ఎంత, ఏ లెవెల్‌లో దొరుకుతుంది, అన్నీ. రేవు గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం: "ఇక్కడ పడవ ఎక్కి రెండో దీవికి వెళ్తారు." చివరికి ఆట నిలబడింది ఆ వాక్యం మీద. పట్టికలోని ఆయుధాల్లో సగం ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోను కూడా లేదు.

గ్రాఫిక్స్ సంగతి ముందే చెప్పేస్తా, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. మా బొమ్మలవాడు ఊరి మధ్యలో ఒక బావికి మూడు వారాలు పట్టాడు. గిలక తిరగాలి, తాడు ఊగాలి, నీళ్లలో ఆకాశం కనబడాలి. చూస్తే కళ్లు చెదిరేలా వచ్చింది, కానీ పదిమంది ఆ బావి చుట్టూ చేరితే చాలు పాత ల్యాప్‌టాప్‌లు మూలగడం మొదలుపెట్టేవి. అప్పుడు ఫైనల్ ఫాంటసీ 14 గుర్తొచ్చింది. 2010లో మొదటిసారి వచ్చినప్పుడు ఆ ఆట ఘోరంగా బోల్తా కొట్టింది, తర్వాత పగ్గాలు పట్టిన నవోకీ యోషిదా చెప్పిన కారణాల్లో ఒకటి ఏంటంటే, ఒక పూలకుండీకి కూడా మనిషి బొమ్మకి పట్టినన్ని పాలీగాన్లు (త్రీడీ బొమ్మని కట్టే చిన్న చిన్న ముక్కలు) పెట్టారట. వాళ్లు 2012 నవంబరులో సర్వర్లు ఆపేసి, కథలోనే ఒక చంద్రుణ్ణి కూల్చి ఆ ప్రపంచాన్ని అంతం చేసి, 2013 ఆగస్టులో మళ్లీ కొత్తగా కట్టి తెచ్చారు. మా దగ్గర కూల్చడానికి చంద్రుడు లేడు. బావిలో ఆకాశం తీసేశాం. అదేమైందని ఒక్కడు కూడా అడగలేదు, మావాడు మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మొదటి వారం నూట పాతిక మంది దాకా వచ్చారు, అందులో సగం మా పాత గిల్డ్ వాళ్లూ వాళ్ల స్నేహితులూ. అడవి మీద మాకు పెద్ద పెద్ద కలలుండేవి. గడ్డి పెరుగుతుంది, జింకలు మేస్తాయి, జింకలు పెరిగితే తోడేళ్లు పెరుగుతాయి, జింకలు తగ్గితే తోడేళ్లు ఆకలికి ఆగలేక ఊరి మీద పడతాయి. ఇది మా బుర్రలో పుట్టిందేం కాదు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ వాళ్లు ఇలాంటిదే కట్టారు, ఆటగాళ్లు కనబడిన ప్రాణినల్లా చంపుకుంటూ పోయేసరికి అది కుదురుకునే సందే దొరక్క చివరికి తీసిపారేశారు. ఈ కథ మేం చదివే ఉన్నాం. చదివి కూడా, మనవాళ్లు అలా చెయ్యరులే అనుకున్నాం చూశారా, అదీ మా తెలివి. మూడో రోజు సాయంత్రానికి అడవిలో తోడేలన్నది లేదు, జింకలు తుడిచిపెట్టుకుపోయాయి, గడ్డి మాత్రం మోకాలెత్తు పెరిగింది.

నేను తిట్టుకుంటూ జింకల్ని బలవంతంగా పుట్టించే కోడ్ రాస్తుంటే చాట్‌లో ఒక లైన్ కనబడింది: "గని వెనకాల ఒక్క జింక మిగిలుంది, దయచేసి ఎవరూ కొట్టకండి." వెళ్లి చూస్తే నిజమే. ఒక జింక, దాని చుట్టూ ఆరుగురు. నాలుగో లెవెల్, ఐదో లెవెల్ వాళ్లు, చెక్క కత్తులు పట్టుకుని కాపలా కాస్తున్నారు. ఎవడో కొత్తవాడు బాణం తీస్తే అందరూ వెళ్లి అడ్డంగా నిలబడ్డారు. దాంతో వాళ్లకి ఎక్స్‌పీ (లెవెల్ పెంచే పాయింట్లు) రాదు, బంగారం రాదు, అలాంటి క్వెస్ట్ (ఆట అప్పగించే పని) కూడా ఏదీ లేదు. రాత్రి రెండింటి దాకా వంతులేసుకుని ఉన్నారు. ఒక్క జింకతో మంద ఎలా పెరుగుతుందని వాళ్లెవరూ ఆలోచించలేదు, మా కోడ్‌లో ఆడా మగా తేడా లేదు కాబట్టి పెరుగుతుంది కూడా, తెల్లారేసరికి నాలుగయ్యాయి. ఆ నాలుగింటినీ చూసి ఆ ఆరుగురూ చాట్‌లో చేసిన గోల మా పెద్ద డ్రాగన్‌ని మొదటిసారి పడగొట్టినప్పుడు కూడా వినలేదు. ఆ డ్రాగన్‌కి ఎన్ని నెలలు పెట్టామో చెప్తే సిగ్గుపోతుంది.

2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో జరిగిన 'కరప్టెడ్ బ్లడ్' కూడా ఈ రకమే కదా. ఒక బాస్ (రెయిడ్‌లోని పెద్ద రాక్షసుడు) వేసే అంటురోగం లాంటి శాపం, పెంపుడు జంతువుల ద్వారా రెయిడ్ దాటి బయటికొచ్చి నగరాలకు నగరాల్ని శవాలతో నింపింది. కొందరు హీలర్లు ముక్కూమొహం తెలియనివాళ్లకి వైద్యం చేస్తూ నిలబడ్డారు, కొందరు కావాలనే తిరిగి అంటించారు, తర్వాత అంటువ్యాధుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు దాని గురించి పేపర్లు రాశారు. డెవలపర్ల లెక్కలో అది బగ్. అప్పుడు అక్కడున్నవాళ్లు మాత్రం నిన్నో మొన్నో జరిగినట్టు చెప్తారు.

డబ్బు దగ్గరికొస్తే నవ్వుకునేదేం లేదు. ఆటలో బంగారం రాక్షసుల్ని చంపితే పుడుతుంది, అంటే శూన్యంలోంచి. మేం కుళాయి తిప్పి వదిలేశాం, తూము పెట్టడం మర్చిపోయాం. మొదటి నెలలో 200 నాణేలున్న మంచి విల్లు మూడో నెలకి 9,000 అయింది. పాతవాళ్లకి అది చిల్లర, కొత్తగా వచ్చినవాడు వారం రోజులు ఎలుకల్ని కొట్టుకున్నా కొనలేడు, ఎనిమిదో రోజు లాగిన్ అవ్వడు. ఎవర్‌క్వెస్ట్‌లోని నోరాత్ అనే ప్రపంచం ఆర్థిక వ్యవస్థ మీద ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థికవేత్త 2001లో పరిశోధన పత్రమే రాశాడు, అది చదివినప్పుడు ఒక ఆటకి ఇంత సీనా అనుకున్నా. మన ఆటలో ధరలు మన కళ్లముందే మండిపోతుంటే అప్పుడు అర్థమైంది.

తూము కోసం ఆయుధాలు అరిగేలా చేశాం. వాడిన కొద్దీ కత్తి మొద్దుబారుతుంది, డబ్బిచ్చి బాగు చేయించుకోవాలి. ఇంక చూడండి గగ్గోలు. మమ్మల్ని దోపిడీదొంగలన్నారు, ఒకాయన ఏకంగా నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. అప్పుడు మాలో ఒకడికి వార్‌క్రాఫ్ట్ బీటా (విడుదలకి ముందు పరీక్షించే దశ) నాటి ముచ్చట గుర్తొచ్చింది. అందులో మొదట ఎక్కువసేపు ఆడితే వచ్చే ఎక్స్‌పీ తగ్గిపోయేదట, జనం మండిపడ్డారట. వాళ్లు అంకెలు అలాగే ఉంచి పేర్లు మార్చారు: తగ్గిన దాన్నే మామూలు అన్నారు, ముందున్న మామూలుని 'విశ్రాంతి తీసుకున్నందుకు బోనస్' అన్నారు. శిక్ష కాస్తా బహుమతి అయిపోయింది. మేమూ అదే దారి పట్టాం. మొద్దుబారిన కత్తి దెబ్బని మామూలు దెబ్బగా చూపించి, సానపట్టించుకుంటే ఇంత ఎక్కువ అని రాశాం. లెక్క పైసా మారలేదు. నాలుగు పేజీల ఆయనే మళ్లీ రాశాడు, మా మాట విన్నందుకు థాంక్స్ అని. కొంచెం మోసం చేసినట్టే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఐదో నెలలో డేటాబేస్ చచ్చింది. ప్రతి ఆరు గంటలకీ బ్యాకప్ తీస్తున్నాం కాబట్టి ఏం కాదనుకున్నాం, తీరా చూస్తే మూడు గంటల ఆట గాల్లో కలిసిపోయింది. మూడు గంటలే కదా అని మా లెక్క. కానీ ఆ మూడు గంటల్లోనే ఒకామె నెలన్నర దాచిన బంగారం పెట్టి కొండ పక్కన ఇల్లు కొనుక్కుంది, ఆ స్థలం ఇప్పుడు మళ్లీ ఖాళీ, ఆమె లాగిన్ అయ్యేలోపు వేరేవాళ్లు కొనేశారు. ఇల్లు, డబ్బు తిరిగి ఇచ్చాం, ఇంకో మంచి చోటు కూడా చూపించాం. "ఇక్కడ కట్టుకుంది రేపుంటుందో లేదో తెలియనప్పుడు ఎందుకండీ కట్టుకోవడం" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను నిద్రపోతున్నా ఆ ప్రపంచం అక్కడే ఉంటుంది, నా ఇల్లు నా ఇల్లే అన్న నమ్మకం మీదే కదా ఇదంతా నడిచేది. ఇప్పుడు ప్రతి లావాదేవీ వెంటనే రెండు చోట్ల రాసుకుంటున్నాం. బ్యాకప్ విలువ తెలియాలంటే రూన్‌స్కేప్‌ని చూడాలి. ఆట పూర్తిగా మారిపోయిందని పాతవాళ్లు గొడవ చేస్తే, 2007 ఆగస్టు నాటి బ్యాకప్ బయటికి తీసి 2013 ఫిబ్రవరిలో 'ఓల్డ్ స్కూల్' పేరుతో వదిలారు, పైగా కొత్తది ఏది పెట్టాలన్నా ఆటగాళ్ల ఓట్లు, మొదట్లో 75 శాతం దాటితేనే పెట్టేవాళ్లు. ఆ పాతది ఇప్పటికీ జనంతో కళకళలాడుతోంది.

ఇక పడవ.

ముందే ఒప్పుకుంటా, ఏడు నిమిషాలు అన్నది ఏ మహా డిజైనర్ ఆలోచనా కాదు. రెండు దీవులూ రెండు వేర్వేరు సర్వర్ ప్రాసెస్‌ల మీద నడిచేవి. ఒక్కొక్కర్ని అటూ ఇటూ మారుస్తుంటే వస్తువులు డబుల్ అవ్వడమో మాయమవ్వడమో జరిగేది, అదే అందర్నీ ఒక గుంపుగా ఒకేసారి మారిస్తే గొడవ లేదు. అందుకని ఏడు నిమిషాలకోసారి కదిలే పడవ పెట్టాం. కోడ్‌లో 420 సెకన్లు అని రాసింది నేనే, ఆ అంకె చూసి మావాళ్లు నెల రోజులు ఏడిపించారు.

జనం ఎక్కువగా తిట్టింది దీన్నే. రెండో దీవిలో గని ఉంది, పెద్ద రాక్షసులన్నీ అక్కడే, రోజుకు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేవాడికి అరగంట రేవులోనే పోతుంది. మా పెట్టెలోకొచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే. ఉద్యోగం చేసుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి నలభై నిమిషాలు ఆడుకుందామని వచ్చేవాడు పడవ కోసం కాచుకోవడం ఏంటి అంటే కాదనలేం. ఎనిమిదో నెలకి ఆ డబుల్ వస్తువుల బగ్ కూడా పోయింది, దాంతో మాయరాయి ఒకటి పెట్టాం. ముట్టుకుంటే చాలు అవతలి ఒడ్డు. ఆ రోజు వచ్చినన్ని పొగడ్తలు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

మూడు వారాల తర్వాత సంఖ్యలు చూస్తే ఏదో తేడా కొట్టింది. ఒక్కొక్కరు చంపే రాక్షసులు పెరిగాయి, లెవెళ్లు తొందరగా ఎక్కుతున్నారు, అన్నీ మేం కోరుకున్నవే. చాట్ మాత్రం సగానికి పడిపోయింది. వచ్చేవాళ్లు కూడా మెల్లమెల్లగా పలచబడుతున్నారు. కారణం అంతుపట్టక పాత చాట్ లాగ్‌లు తీసి ఏ మాట మ్యాప్‌లో ఎక్కడ టైప్ చేశారో గుర్తులు పెట్టుకుంటూ పోయాను. గనిలో కొంచెం, ఊళ్లో కొంచెం. రేవు దగ్గరికొచ్చేసరికి మ్యాప్ ఆ మూల నల్లగా అయిపోయింది, చుక్క మీద చుక్క. ఆ చెక్క వంతెన మీద, ఆ ఏడు నిమిషాల్లో, చేసేందుకు వేరే పని లేక, ఈ జనం మాట్లాడుకుంటూ వచ్చారు. ఎవరికి ఏ ఆయుధం కావాలో అక్కడే అడిగారు. హీలర్ లేని గుంపుకి హీలర్ అక్కడే దొరికింది. గిల్డ్‌లు మూడింటికి మూడూ అక్కడే పుట్టాయి, ఒక గిల్డ్ పేరే 'పడవ తప్పినవాళ్లు'.

రేవులో ఒక కమ్మరి ఉండేవాడు, ఎన్‌పీసీ (కంప్యూటర్ నడిపే పాత్ర) కాదు, ఆటగాడే. లెవెల్ పన్నెండు దాటలేదు, ఎప్పుడూ యుద్ధానికి వెళ్లలేదు. పడవ దిగేవాళ్ల మొద్దు కత్తులు సానపట్టడం, బాణాలు అమ్మడం, ఎవరు ఎటు వెళ్లారో అడిగినవాళ్లకి చెప్పడం. మాయరాయి పెట్టాక ఆయన లాగ్ చూశాను. మొదటి రోజు, "ఈ రోజు జనం తక్కువున్నారేంటి?" రెండో రోజు నలుగురికి నమస్కారం. ఐదో రోజు రెండు గంటలున్నాడు, మాట్లాడింది ఒకటే లైన్, "ఎవరైనా ఉన్నారా?" తర్వాత రాలేదు.

మా గిల్డ్‌లో మాకు జరిగింది కూడా ఇదేనని అప్పుడు తట్టింది. 2009 డిసెంబరులో వార్‌క్రాఫ్ట్‌లో డంజన్ ఫైండర్ (ఆటే మనకి గుంపుని కుదిర్చిపెట్టే ఏర్పాటు) వచ్చినప్పుడు మేం ఎగిరి గంతేశాం, అంతకుముందు ట్యాంక్ (రాక్షసుడి దెబ్బలు తన మీద వేసుకునేవాడు) దొరక్క గంటలు గంటలు చాట్‌లో అడుక్కునేవాళ్లం మరి. బటన్ నొక్కితే నలుగురు వచ్చిపడేవాళ్లు, వేరే సర్వర్ల వాళ్లు, హలో కూడా లేకుండా ఇరవై నిమిషాల్లో ముగించి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు గుర్తులేదు. అంతకుముందు నన్ను గంట కాచుకునేలా చేసిన ట్యాంక్ పేరు, వాడు అలిగే తీరు, వాడి పిచ్చి జోకులు అన్నీ గుర్తున్నాయి. అసలు ఈ ఆట కట్టిన నలుగురిలో వాడొకడు.

అలాగని రాయి తీసేస్తే జనం మమ్మల్ని బతకనివ్వరు. ఇచ్చింది లాక్కోవడం కంటే మొదటే ఇవ్వకపోవడం నయం, ఇది మాత్రం ఏ ఆట కట్టేవాళ్లకైనా చెప్తాను. రెండు రాత్రులు కొట్టుకుని ఒక మధ్యేమార్గం పట్టాం. రాయి మనిషిని పంపుతుంది, ఒంటి మీద తొడుక్కున్నదీ చేతిలో ఉన్నదీ పంపుతుంది, మూట పంపదు. ఖనిజం, కలప, తోళ్లు, ఏదైనా సరుకు అవతలికి చేరాలంటే పడవే గతి. అంటే తొందరలో ఉన్నవాడు రాయి దగ్గరికి, సరుకున్నవాడు రేవుకి. వ్యాపారులు వచ్చారు, వాళ్ల దగ్గర చౌకగా కొనడానికి మిగతావాళ్లు వచ్చారు, దొంగలూ వచ్చారు, దొంగల్ని పట్టేవాళ్లూ వచ్చారు. రెండు నెలల్లో ఆ మూల మళ్లీ నల్లబడింది. కమ్మరికి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

అదే ఊపులో ఇంకో తప్పు బయటపడింది. పది నిమిషాలు ఏ బటనూ నొక్కకపోతే బయటికి గెంటేసే కోడ్ ఒకటి మొదటి నుంచీ ఉంది, సర్వర్ మీద బరువు తగ్గుతుందని. రేవులో కూర్చుని ఊరికే చాట్ చదువుకునేవాళ్లని కూడా అది గెంటేస్తోంది. వాళ్లు ఆడటం లేదని మా ఉద్దేశం. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో మొదలైన మడ్ అనే, బొమ్మల్లేకుండా టెక్స్ట్‌తోనే నడిచే ఆటని కట్టినవాళ్లలో ఒకడైన రిచర్డ్ బార్టిల్, 1996లోనే ఆటగాళ్లని నాలుగు రకాలుగా విడగొట్టాడు: సాధించేవాళ్లు, అన్వేషించేవాళ్లు, కబుర్లవాళ్లు, ఎదుటివాడి మీద పడేవాళ్లు. మేం ఆట మొత్తం మొదటి రకం కోసం కట్టాం, ఎందుకంటే మేం నలుగురం ఆ రకమే. మూడో రకాన్ని పది నిమిషాలకోసారి మెడపట్టి గెంటుతున్నాం. నాలుగో రకం గురించి ఎక్కువ చెప్పను, కొత్తవాళ్లని చంపుకుతినేవాళ్లకి రెండో దీవి ఉత్తరం వైపు వదిలేశాం, మొదటి దీవిలో ఎవరూ ఎవర్నీ కొట్టలేరు. ప్రతి ఆటా ఎప్పుడో ఒకప్పుడు ఈ గీత గీసుకోవాల్సిందే.

కోట ముట్టడి రోజు మాత్రం చెప్పాలి. మూడు గిల్డ్‌లు కలిసి నూట నలభై మంది ఒకే చోట. సెకనుకి పదిసార్లు లెక్కలు వేయాల్సిన సర్వర్ మూడుసార్లు వేయడానికే ఆయాసపడుతోంది, నొక్కిన దెబ్బ ఎప్పుడో పడుతోంది, మనుషులు గోడల్లోంచి దూరుతున్నారు, అందరూ మా మీద పళ్లు నూరుతున్నారు. తర్వాతి ముట్టడికి ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల ఆట పద్ధతి అరువు తెచ్చుకున్నాం: భారం పెరిగితే ఆటలో కాలాన్నే నెమ్మది చేసేయడం. ఈవ్‌లో 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే చోట జరిగిన యుద్ధం దాదాపు 21 గంటలు నడిచింది, కాలం పదో వంతు వేగంతో సాగింది. అదంతా మొదలైంది కట్టాల్సిన ఒక బిల్లు కట్టకపోవడం వల్ల, ఆ నక్షత్ర వ్యవస్థ మీద హక్కు జారిపోయింది, అవతలివాళ్లు వచ్చి పడ్డారు. మా ముట్టడిలో కాలాన్ని మూడో వంతుకి తెచ్చాం. జనం విసుక్కుంటారేమో అనుకుంటే, గాల్లో బాణం మెల్లగా వస్తుండటం చూస్తూ చాట్‌లో ఒకటే కేకలు. నొక్కింది ఆలస్యంగా పడితే ఒళ్లు మండుతుంది, అందరికీ అన్నీ సమానంగా నెమ్మదిస్తే టెన్షన్ పెరుగుతుంది.

ఇప్పుడు రోజూ రాత్రి నలభై, యాభై మంది ఉంటారు. పెద్ద ఆటల పక్కన అది లెక్కలోకే రాదు, సర్వర్ ఖర్చు మాత్రం వాళ్లే చందాలేసుకుని పెట్టుకుంటున్నారు. పోయిన నెల నేను మామూలు క్యారెక్టర్‌తో, ఎవరికీ చెప్పకుండా రేవులో నిలబడ్డాను. కొత్తవాడొకడు వచ్చి, ఈ పడవ ఇంత ఆలస్యం ఎందుకు, ఏడు నిమిషాలేంటి అని విసుక్కుంటున్నాడు. పక్కనున్న పాత ఆటగాడు చెప్తున్నాడు: "పడవాయన కూతురు అవతలి ఒడ్డున ఉంటుందిలే తమ్ముడూ, వెళ్లిన ప్రతిసారీ కాసేపు దాన్ని చూసి వస్తాడు." ఇంకొకామె అందుకుని, ఆ పిల్లకి ఒంట్లో బాగుండదు, అందుకే వర్షం పడిన రోజు ఇంకా ఆలస్యం అవుతుంది అంది. వర్షం పడితే ఆలస్యం అయ్యేది ఆ వర్షం లెక్కలు సర్వర్ మీద భారం కాబట్టి. కూతురనేది మేం ఎక్కడా రాయలేదు. పడవాయనకి అసలు పేరు కూడా పెట్టలేదు.

మావాళ్లకి చెప్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాతి వారం అప్‌డేట్‌లో, ఎవరికీ చెప్పకుండా, బొమ్మలవాడు అవతలి ఒడ్డున చెట్ల చాటుగా ఒక చిన్న గుడిసె వేశాడు. తలుపు తెరుచుకోదు. చీకటి పడ్డాక కిటికీలో దీపం వెలుగుతుంది, అంతే.